కొండబాట బూటుకు పేరుంది, కుట్టిన చేతికేది?

ధర్మవరం బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి ఈమధ్య ఒక కుర్రాడు బూటు తెచ్చాడు. పైన రంగురంగుల గుడ్డ, కింద పళ్లు పళ్లుగా రబ్బరు. కొండల్లో పరిగెత్తే బూటంట. వేలకు వేలు పోసి కొన్నాడు, ముందుభాగం చినిగింది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపల చెయ్యి పెట్టి చూసి, "నాయనా, ఈడ వేళ్లు ఇచ్చుకునేదానికి జాగా లేదు. దిగుడులో కాలు ముందుకు జారితే బొటనవేలు పోయి కొడతాది. ఇంగ చినక్కుండా ఎట్లుంటాది?" అన్నాడు. కుట్టిచ్చి ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

ఆ బూటు బొమ్మ గీసినాయన్ని డిజైనర్ అంటారు. దాని తప్పేందో ఒక్క చూపులో చెప్పినాయన్ని ఏమంటారో మనందరికీ తెలుసు. ఆ మాటను ఈ సమాజం తిట్టుగా వాడుకుంటుంది. ఈ రెండు పిలుపుల మధ్య ఉన్న దూరం ఎవరు పెట్టింది? ఇప్పుడు ఆ దూరం మీద ఎవరు సొమ్ము చేసుకోబోతున్నారు? ఈ సంపాదకీయంలో అడుగుతున్నది ఇదే.

తారురోడ్డు మీద కాకుండా కొండబాటల్లో, రాళ్లల్లో, వంకల్లో పరిగెత్తడాన్ని ట్రెయిల్ రన్నింగ్ అంటున్నారు. ప్రపంచమంతటా పెద్ద వ్యాపారమైంది. ఇన్నాళ్లూ ఆ బూట్లు ఆటగాళ్ల సామాను. ఇప్పుడు ఫ్యాషన్ ఇళ్లు అందులోకి దిగాయి. ఫ్రాన్సులోని సలోమన్ కంపెనీ కొండపరుగుకు చేసిన బూట్లు పట్నాల ఫ్యాషన్ వీధులకు ఎక్కాయి. కెనడాలో, మాంట్రియల్‌లో, బూట్ల వ్యాపారంలో చేయి తిరిగిన ఒక భార్యాభర్తలు పెట్టిన నోర్డా కంపెనీ 2021లో మొదటి బూటు తెచ్చింది. డైనీమా అని, బరువుకు బరువు తూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టిదైన దారంతో నేసిన గుడ్డ దానికి పైభాగం. ఇటలీ సూట్ల కంపెనీ జెన్యా కూడా వాళ్లతో చేయి కలిపింది. "చేతిపనితనం" అన్న మాట ఇప్పుడు బూటు డబ్బా మీద అచ్చు పడుతోంది. ఆ మాట అచ్చయితే ధర పెరుగుతుంది.

మంచిదే. పనితనానికి విలువ కట్టడం మాకు అభ్యంతరం కాదు. మా ప్రశ్న ఒకటే. కొండబాటకు కాలిజోడు చేసే పనితనం ఈ దేశంలో ఎవరి దగ్గర ఉండింది? దానికి వాళ్లకేం ముట్టింది?

మన అనంతపురం సీమ నేల చూడండి. ఎర్రమట్టి, గరుసు, గుండ్లు, తుమ్మముల్లు, రేగుముల్లు, పల్లేరుకాయలు. ఈ నేల మీద గొర్రెలు తోలేవాడు, మడక దున్నేవాడు, కట్టెలకు కొండెక్కేవాడు పొద్దస్తమానం నడిచాడు. అతని కాలికి చెప్పులు కుట్టింది మాదిగ. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నం పెట్టి, తంగేడు చెక్క పోసి లందలో నానబెట్టి, రోజుల తరబడి ఆ వాసనలో బతికి, తోలును పదును చేసింది మాదిగ ఆడా మగా ఇద్దరూ. తోలు మీద కాలు పెట్టించి గీత గీసి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి, పొర మీద పొర వేసి కుట్టారు. ముల్లు దిగకుండా అట్ట ఎంత మందం ఉండాల? దిగుడులో కాలు జారకుండా ఉంగటం, అంటే బొటనవేలు దూర్చే వారు, ఎక్కడ పడాల? మడమ ఒరుసుకోకుండా వెనక వారు ఎంత బిగువుండాల? ఎండకు తోలు పగలకుండా ఆముదం ఎప్పుడు పట్టించాల? ఈ లెక్కలన్నీ వాళ్ల వేళ్లలో ఉన్నాయి. ఈరోజు ట్రెయిల్ బూటు గీసేవాడు కంప్యూటర్ ముందు కూర్చుని వెతుక్కుంటున్నదీ ఈ లెక్కలనే.

దానికి బదులు ఊరు ఏమిచ్చింది? కళ్లంలో నాలుగు చేటల గింజలు. ఆ కిర్రుచెప్పులు కుట్టినోడే వాటిని తొడుక్కుని పెద్దకులాల వీధిలో నడవడానికి లేదు. చెప్పులు చేత పట్టుకుని, లేకపోతే చంకలో పెట్టుకుని పోయిన తాతలు మనలో ఎందరికో ఉన్నారు. కొలత తీసేటప్పుడు దొర కాలు ముట్టుకోవచ్చు. అదే చెయ్యి ఆయన చెంబు ముట్టుకుంటే మైల! పనితనం కావాల, పనివాడు మాత్రం ఊరి బయట ఉండాల. కులం అంటే ఇదే గదా.

వేరే దేశంలో ఏమయిందో చూడండి. జర్మనీలో అడాల్ఫ్ డాస్లర్ అనే యువకుడు మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక వాళ్లమ్మ బట్టలుతికే గదిలో కూర్చుని ఆటల బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నల్లజాతి వీరుడు జెస్సీ ఓవెన్స్ డాస్లర్ బూట్లు తొడుక్కుని పరిగెత్తాడు. 1949లో ఆ చెప్పులు కుట్టేవాడి కంపెనీకి అడిడాస్ అని పేరు పడింది. బూటు కుట్టినందుకు అతన్ని ఊరి బయట పెట్టలేదు. సంఘం గౌరవం ఇచ్చింది. అతని పేరే సరుకు పేరయింది. మన పల్లెల్లో అంతే నేర్పున్నోళ్లు ఎందరు పుట్టి, పేరు లేకుండా మట్టిలో కలిసిపోయారో లెక్క రాసినవాడు లేడు.

ఇంకో ముచ్చట. మన కూలీ జనం లారీ టైరు కోసి చెప్పులు కుట్టించుకుంటే చూసి నవ్వినోళ్లు ఉన్నారు. 1935లో ఇటలీ ఆల్ప్స్ కొండల్లో సరైన బూట్లు లేక ఆరుగురు చనిపోతే, వాళ్లతో వెళ్లిన వితాలె బ్రమాని అనే కొండెక్కేవాడు రబ్బరు అట్టకు పళ్లు పెట్టాలని పట్టుబట్టాడు. 1937లో దాన్ని తయారు చేయడానికి తోడ్పడింది పిరెల్లి, అంటే టైర్ల కంపెనీ. అదే ఈరోజు పేరు మోసిన విబ్రమ్ అట్ట. మెక్సికో కొండల్లోని రారామురి ఆదివాసులైతే పాత టైరు ముక్కకు తోలు వారు కట్టుకుని పరిగెత్తుతారు. 1993లో అమెరికాలోని లెడ్‌విల్ పందెంలో, 160 కిలోమీటర్ల కొండదారిలో, 55 ఏళ్ల విక్టోరియానో చుర్రో ఆ టైరు చెప్పులతోనే అందరికన్నా ముందు వచ్చాడు. అట్లాంటి చెప్పుల నమూనాతో తర్వాత వ్యాపారాలు లేచాయి. బీదవాని బుర్రలో పుట్టినదాన్ని ఉన్నోడు తొడుక్కుంటే ఫ్యాషన్, బీదవాడు తొడుక్కుంటే గతిలేనితనం!

ఇక మన ఇంటి సంగతి. ధర్మవరం పట్టుచీరకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే ఆ గుర్తింపు దక్కింది. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. మాకు సంతోషమే. మగ్గం గుంతలో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న నేతన్నల బాధ కూడా మాకు తెలుసు. ఆ గుర్తింపు వాళ్ల కడుపు నింపలేదని కూడా తెలుసు. అయినా అడగక తప్పదు. అదే మండలంలో తోలు రాముడి బొమ్మ అయితే కళ, కాలికి చెప్పు అయితే అంటు. ఇది ఏ న్యాయం? తోలు మారలేదు, కత్తి మారలేదు. కోసే చేతి కులం మారింది.

కొల్హాపూర్ చెప్పుల సంగతి అందరూ పేపర్లలో చదివే ఉంటారు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో దళిత చర్మకారులు తరాలుగా కుట్టే ఆ చెప్పుకు 2019లో గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్‌లో అచ్చం అలాంటి చెప్పునే చూపించింది. ఎక్కడిదో ఒక్క మాట చెప్పలేదు. గొడవయ్యాక ఒప్పుకుంది. 2025 డిసెంబరులో ఆ రెండు రాష్ట్రాల చర్మపరిశ్రమ సంస్థలతో ఒప్పందం రాసుకుని, 2,000 జతలు ఇక్కడే కుట్టిస్తామని, జత ధర సుమారు 800 యూరోలని ప్రకటించింది. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. గుర్తింపు కాగితం ఉంది కాబట్టే, నోరు చేసుకున్నారు కాబట్టే ఆ మాత్రం దిగొచ్చారు. మన సీమ కిర్రుచెప్పుకు ఏ కాగితం ఉంది? రేపు ఏ కంపెనీనో మన ఉంగటం నమూనా తీసుకుపోయి కొండబాట బూటుకు పెట్టుకుంటే అడగడానికి మన చేతిలో ఏముంది?

ఆంధ్రలో బూట్లు తయారు కావడం లేదా అంటే అవుతున్నాయి. తడ దగ్గర అపాచీ ఫ్యాక్టరీలో 2006 నుంచి అడిడాస్ బూట్లు కుడుతున్నారు. పని చేసేవాళ్లలో ఎక్కువమంది పల్లెల ఆడపిల్లలు. ఆ జీతం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తోంది, కాదనం. అయితే బూటు బొమ్మ ఎక్కడో గీస్తారు, లాభం ఎక్కడో చేరుతుంది, మన పిల్లలకు మిగిలేది మిషను ముందు కుర్చీ. పాత రోజుల్లో కళ్లం గింజలు, ఇప్పుడు నెల జీతం. గీసే కుర్చీలో మనవాళ్లు ఎందరు?

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాల. "అయితే మీ కులవృత్తి మీరే చేసుకోండి, మేం సాయం చేస్తాం" అని తియ్యగా చెప్పేవాళ్లు బయలుదేరతారు. వాళ్లతో జాగ్రత్త. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానుకోమన్నది ఎందుకు? కులం మన నెత్తిన పెట్టిన బరువు దించుకోమని. మాదిగ బిడ్డ డాక్టరు కావాల, కలెక్టరు కావాల, ఇష్టమైతే బూటు డిజైనరు కావాల. లంద గుంతలోకి తిరిగి దిగమని ఎవరూ చెప్పడానికి లేదు. 1994లో దండోరా మొదలైనప్పుడు చెప్పును, డప్పును తలెత్తి చూపించాం. ఆ పని మళ్లీ మన నెత్తినే పెట్టమని కాదు. దాంట్లో మన తెలివి ఉందని చెప్పడానికి. తెలివి మనది, పని ఎంపిక మనది, లాభంలో వాటా మనది. ఈ మూడూ కలిసి ఉండాల.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి. హైదరాబాదులో నిఫ్ట్ ఉంది, కేంద్రప్రభుత్వపు బూట్ల డిజైన్ సంస్థ ఎఫ్‌డీడీఐ ఉంది. ఆరె పట్టిన పెద్దలను ఏడాదికొక రోజు పిలిచి శాలువా కప్పి పంపడం వద్దు. జీతమిచ్చి పాఠం చెప్పించండి. అక్కడి ఫీజులు లక్షల్లో ఉంటే మన పిల్లలు గేటు దగ్గరే ఆగిపోతారు. 2013 ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం కింద ఉన్న డబ్బును రోడ్లకు, మోరీలకు మళ్లించకుండా మన పిల్లల ఫీజులకు కట్టండి. లిడ్‌క్యాప్ పేరుతో 1973 నుంచి ఒక సంస్థ ఉంది. ఏ ప్రభుత్వమొచ్చినా లెదర్ పార్కు అన్న మాట వినిపిస్తూనే ఉంది. మాటలు చాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో చెప్పు కుట్టడం తెలిసిన పెద్దలు ఇంకా ఉండగానే వాళ్ల నమూనాలు, కొలతలు, వాళ్ల పేర్లతో సహా రాయించండి. ఆ రాత మీద హక్కు కుట్టినవాళ్ల సంఘానిదే అయ్యుండాల.

ధర్మవరంలోనే ఒక పని మొదలుపెట్టవచ్చు. కొండబాట బూటుకు పైన గుడ్డ కావాల, కింద కాలి లెక్క తెలిసిన చెయ్యి కావాల. గుడ్డ నేసేవాడు మగ్గం దగ్గర ఉన్నాడు. కాలి లెక్క తెలిసినాయన బస్టాండు గొడుగు కింద ఉన్నాడు. వాళ్లిద్దరూ ఒకే ఊళ్లో ఉండి ఒకే బల్ల దగ్గర ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోబెట్టే పని ప్రభుత్వం చేస్తే సరి, చేయకపోతే సంఘాలే చేయాల.

అంతవరకు కనీసం ఆ గొడుగును అక్కడ ఉండనివ్వండి. 2014 వీధివ్యాపారుల చట్టం వీధిలో సేవ చేసి బతికేవాళ్లకూ వర్తిస్తుంది. మున్సిపాలిటీ ఆయనకు గుర్తింపు కార్డు ఇచ్చి, ఒక జాగా రాసివ్వాల. మన సంఘాల యువకులు ఈ పక్షం రోజుల్లో తమ ఊరి బస్టాండులో చెప్పులు కుట్టేవాళ్లందరి దగ్గరికి పోయి, ఎవరికి కార్డు ఉందో ఎవరికి లేదో రాసుకుని రావాలని కోరుతున్నాం. పోయినప్పుడు ఆయన పక్కన కింద కూర్చోండి. ఆయన్ని పేరు పెట్టి, గారూ అని పిలవండి. పనితనం గురించిన మాట అక్కడ నుంచి మొదలుపెడదాం.