తెరచాప పలకపై తొలి పాఠాలు: చెరువు ఒడ్డు ఎంపికలో గాలి దిశే గీటురాయి

హైదరాబాద్: 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత సెయిలింగ్ బృందం మూడు పతకాలు సాధించింది. వాటిలో ఒకటి పురుషుల విండ్‌సర్ఫింగ్‌లో ఈబాద్ అలీ గెలిచిన కాంస్యం. బాలికల డింగీ విభాగంలో రజతం సాధించిన నేహా ఠాకూర్ శిక్షణ పొందినది సముద్రతీరంలో కాదు, భోపాల్ చెరువులో. సముద్రం లేని ప్రాంతాల యువతకు సైతం ఈ క్రీడ అందుబాటులో ఉందనడానికి ఇది నిదర్శనం. హైదరాబాద్‌లోని హుస్సేన్‌సాగర్‌లో వర్షాకాలంలో జాతీయ స్థాయి తెరచాప పడవ పోటీలు జరుగుతూ వస్తున్నాయి. అయితే పడవ నడపడంలో ఆరితేరిన వారికి అనువైన చోటు, పలకపై తొలిసారి నిలబడే విద్యార్థికి కూడా అనువైనదే అనుకోవడం ప్రమాదకరం. చెరువులో ఏ ఒడ్డును శిక్షణకు కేటాయించాలన్న నిర్ణయం సౌకర్యానికి సంబంధించినది కాదు, ప్రాణ రక్షణకు సంబంధించినది.

గాలి ఎటు మోసుకుపోతుంది?

విండ్‌సర్ఫింగ్‌లో నిలువెత్తు తెరచాపను చేతులతో పట్టుకుని, తేలే పలకపై నిలబడి సాగుతారు. కొత్తగా నేర్చుకునేవారు గాలివాటున వెళ్లడం త్వరగానే నేర్చుకుంటారు. గాలికి ఎదురుగా ఏటవాలుగా మలుపులు తిరుగుతూ బయలుదేరిన చోటికి చేరుకోవడానికి మాత్రం మరింత సాధన అవసరం. ఈ మధ్యకాలంలో విద్యార్థి ఎక్కడికి చేరాలో నిర్ణయించేది అతడు కాదు, గాలి. కనుక స్థలాన్ని పరిశీలించే అధికారి మొదట వేయవలసిన ప్రశ్న ఒక్కటే: తిరిగి రాలేని విద్యార్థిని గాలి ఏ ఒడ్డుకు చేరుస్తుంది, ఆ ఒడ్డు ఎలా ఉంది?

ఒడ్డు నుంచి నీటి వైపు వీచే గాలి అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఒడ్డున చెట్ల చాటున నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కొంత దూరం వెళ్లేసరికి గాలి జోరందుకుని విద్యార్థిని లోతు నీటిలోకి తీసుకుపోతుంది. నీటి నుంచి నేరుగా ఒడ్డుకు వీచే గాలిలో అసలు బయలుదేరడమే కష్టం. ఒడ్డు వెంబడి వీచే గాలి, ముఖ్యంగా కొద్దిగా ఒడ్డు వైపు మొగ్గే గాలి, శిక్షణకు శ్రేష్ఠం.

వేగం విషయానికి వస్తే, గంటకు 10 నుంచి 18 కిలోమీటర్ల గాలి తొలి పాఠాలకు సరిపోతుంది. గాలి వేగం రెట్టింపైతే తెరచాపపై పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అలలపై తెల్లని నురగ తరచుగా కనిపిస్తున్నదంటే గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినట్లు బోఫోర్ట్ కొలమానం సూచిస్తుంది. ఆ స్థితిలో కొత్తవారిని నీటిలోకి పంపరాదు.

చెరువు నిర్మాణమే ఒక హెచ్చరిక

మన చెరువులు సేద్యం కోసం నిర్మించినవి. తూము ఉండే కట్ట దగ్గర లోతు ఎక్కువ, ఎగువన శిఖం వైపు లోతు తక్కువ. రోడ్డు, వాహనాలు నిలిపే చోటు, సందర్శకుల రద్దీ సాధారణంగా కట్ట వైపే ఉంటాయి. తత్ఫలితంగా జల క్రీడల ప్రతిపాదనలు సహజంగానే కట్ట చుట్టూ తిరుగుతాయి.

ఇందుకు హుస్సేన్‌సాగర్ చక్కని ఉదాహరణ. 16వ శతాబ్దంలో నిర్మించిన ఈ చెరువుకు తూర్పున ట్యాంక్‌బండ్, పడమర నెక్లెస్ రోడ్డు ఉన్నాయి. నైరుతి రుతుపవనాల కాలంలో హైదరాబాద్‌లో గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిశల నుంచి వీస్తుంది. అంటే చెరువు నిండి, గాలి బలంగా ఉండే నెలల్లోనే అదుపు తప్పిన పలక రాతి కట్ట వైపు కొట్టుకుపోతుంది. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి బయలుదేరితే ఒడ్డు విడిచి దూరమయ్యే ప్రమాదం, ట్యాంక్‌బండ్ వైపు నుంచి బయలుదేరితే రాళ్లకు ఒరుసుకునే ప్రమాదం ఎదురవుతాయి. ఆ గాలి ఒడ్డు వెంబడి వీచేది ఉత్తర, దక్షిణ తీరాల్లో. దక్షిణాన లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహానికి ప్రయాణికుల పడవలు తిరుగుతాయి. సెయిలింగ్ క్లబ్బులు ఉత్తర భాగాన్ని కేంద్రంగా చేసుకోవడం ఈ దృష్ట్యా అర్థవంతమే. తూర్పు గాలులు వీచే శీతాకాలంలో ఈ లెక్క తారుమారవుతుంది.

నీటి నాణ్యత మరో అంశం. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. డింగీ నడిపేవారు అంత తరచుగా నీటిలో పడరు. విండ్‌సర్ఫింగ్ విద్యార్థి ఒక్క పాఠంలోనే పదేపదే పడతాడు, నీరు మింగుతాడు. కాబట్టి ఇక్కడ వర్తింపజేయవలసింది పడవ విహారానికి సరిపోయే ప్రమాణం కాదు, స్నానయోగ్యతా ప్రమాణం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలోని ‘బి’ తరగతి ప్రకారం 100 మిల్లీలీటర్లలో మొత్తం కోలిఫాం 500కు మించరాదు. లీటరు నీటిలో కరిగిన ఆమ్లజని 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, బీఓడీ 3 మిల్లీగ్రాములకు మించరాదు.

ఇతర జలాశయాల పరిస్థితి

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ విశాలమైనవే అయినా నగరానికి తాగునీటి వనరులు; వరద సమయంలో గేట్లు ఎత్తుతారు. దుర్గం చెరువు చుట్టూ రాతి గుట్టలు, బహుళ అంతస్తుల భవనాలు ఉన్నాయి. అడ్డుగా నిలిచే కట్టడం ఎత్తుకు పది రెట్లకు పైగా దూరం వరకు గాలి సుడులు తిరుగుతుంది. ఒక క్షణం ఆగి, మరుక్షణం విసురుగా వచ్చే గాలిలో కొత్తవారు నిలదొక్కుకోలేరు. మంజీరా జలాశయం మొసళ్లకు ఆవాసమైన అభయారణ్యం. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు, పులికాట్ లోతు తక్కువగా ఉన్నా పక్షుల అభయారణ్యాలు కావడం వల్ల ఈ పరిశీలనలోకి రావు.

గ్రామీణ చెరువుల్లో కంటికి కనిపించని ముప్పు అడుగున ఉంటుంది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కింద వేలాది చెరువుల్లో పూడిక తీశారు. నీటి నిల్వకు ఇది మేలు చేసింది. అయితే పూడిక లేదా మొరం తవ్విన చోట నడుము లోతు నీటి పక్కనే నిలువు లోతు గుంత ఉండవచ్చు. గుర్రపుడెక్క, మునిగిన చెట్ల మోళ్లు, నైలాన్ వలలు పలక అడుగున ఉండే రెక్కకు, విద్యార్థి కాళ్లకు చుట్టుకుంటాయి. ఈ వివరాలు అందరికంటే బాగా తెలిసినది స్థానిక మత్స్యకారులకే. మత్స్య సహకార సంఘాన్ని సంప్రదించి వలలు వేసే వేళలు, చోట్లు ముందే ఖరారు చేసుకుంటే వారి జీవనోపాధికి భంగం కలగదు, విద్యార్థికీ రక్షణ లభిస్తుంది.

అనుమతికి ముందు పరిశీలించవలసినవి

చెరువు అడుగును వేసవిలో, నీరు తగ్గినప్పుడు చూడాలి. శిక్షణ ప్రాంతంలో నడుము నుంచి ఛాతీ వరకు లోతు, సమతలమైన గట్టి అడుగు ఉండాలి. దాని హద్దులను తేలే గుర్తులతో సూచించాలి. గాలివాటున చేరే ఒడ్డు మెల్లగా వాలుతూ, రాళ్లు, ముళ్లకంపలు లేకుండా ఉండాలి. తూము, అలుగు, విద్యుత్ తీగలు దూరంగా ఉండాలి. మోటారు బిగించిన రక్షణ పడవ గాలివాటు దిక్కున సిద్ధంగా నిలవాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఏ పరిస్థితిలోనూ పలకను వదిలి ఈదరాదన్నది విద్యార్థి నేర్వవలసిన మొదటి నియమం. 108 వాహనం ఒడ్డు వరకు రాగల దారి ఉండాలి.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో క్యుములోనింబస్ మేఘాలతో ఈదురుగాలులు, పిడుగులు అకస్మాత్తుగా వస్తాయి. భారత వాతావరణ శాఖ తక్షణ సూచనలను, పిడుగుల సమాచారమిచ్చే ‘దామిని’ యాప్‌ను పాఠానికి ముందు చూడటం నిర్వాహకుల బాధ్యత. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డుకు చేరాలి. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు నీటిలోకి దిగరాదు.

సేద్యపు చెరువులో నీటిమట్టం ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది. ఆగస్టులో ఛాతీ లోతున్న చోటు ఫిబ్రవరిలో బురద కావచ్చు; వేసవిలో సమతలంగా కనిపించిన నేల నిండు చెరువులో నిలువు లోతు కావచ్చు. కాబట్టి ‘ఫలానా చెరువు సురక్షితం’ అన్న ఒక్క వాక్యంతో ఇచ్చే అనుమతి అసంపూర్ణం. ఏ ఒడ్డు, ఏ నెలల్లో, ఏ దిశ గాలికి, గేజిపై ఏ నీటిమట్టాల మధ్య అన్న నాలుగు వివరాలూ అనుమతి పత్రంలో ఉండాలి. వాటిలో ఏ ఒక్కటి మారినా ఆ రోజు శిక్షణ నిలిపివేసే అధికారం ఎవరిదో కూడా అందులోనే పేరుతో సహా నమోదు కావాలి.