ఎప్పటి క్షేమం?

శత్రునౌక తెరమీద కనబడుతుంది. హీరో మీట నొక్కుతాడు. నౌక భగ్గుమంటుంది! ఎంత దూరంలో ఉందయ్యా అంటే కుజగ్రహం దగ్గరట. హీరోగారు మాత్రం భూమ్మీదే!

నేను బి.ఏ. దాన్ని, లెక్కలు నాకూ గిట్టవు. కానీ శ్రీహరికోట రాకెట్‌ని సూళ్ళూరుపేటలో నిలబడి చూశాను. ముందు మంట కనిపించింది. 'చప్పుడేదండీ?' అని పక్కావిడని అడిగిన ఎంతసేపటికో గుండె అదిరింది. (చెప్పొద్దూ, కాఫీ కూడా ఒలికింది.) కాంతికీ ప్రయాణం తప్పదు, కాకపోతే సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 2013 నవంబరు 5న అక్కణ్ణించే వెళ్ళిన మంగళ్‌యాన్, 2014 సెప్టెంబరు 24న కుజుణ్ణి చేరితే, ఆ కబురు మనకి అందడానికి 12 నిమిషాలు దాటింది. అందుకే చెయ్యాల్సినవన్నీ ముందే చెప్పి పంపారు, పిల్లని అత్తారింటికి పంపినట్టు.

అంతదూరాన సెన్సారు ఎంత గొప్పదైనా చూపేది 12 నిమిషాల కిందటి నౌకనే. మన కిరణం వెళ్ళడానికి మరో 12. ఈలోగా వాడు అక్కడే కూచుంటాడా?

'ఆడవాళ్ళు చదివే సీరియల్లో ఈ లెక్కలెందుకమ్మా, కొట్టెయ్యండి' అన్నాడో సంపాదకుడు. కువైట్ నుంచి వచ్చిన ఉత్తరంలో 'క్షేమం' అని చదువుకుని, అది ఎప్పటి క్షేమమోనని కుమిలిన మా అత్తలకా ఇది అర్థం కానిది? కొట్టెయ్యలేదు. సీరియలే వెనక్కి తెచ్చుకున్నాను.