కన్నీటి యావిరి



బాష్పమను పదమునకు నిఘంటువులు రెండర్థములు చెప్పుచున్నవి. ఆవిరి యొకటి, కన్నీరు మరియొకటి. ఈ మాసమున ముచ్చటింపదలచిన నేత్రవ్యాధికి ఆ రెండర్థములును గావలసియున్నవి. కంటి తడి చాలకయో, ఉన్న తడి త్వరగా ఆవిరియై పోవుటచేతనో గలుగు బాధ యిది. దీనిని పొడికన్ను అందురు. ఇది నేటి వింత కాదు. సుశ్రుతుడు 76 నేత్రరోగములను లెక్కించి, వానిలో శుష్కాక్షిపాకమను దానిని పేర్కొనెను. రెప్పలు కఠినములై, చూపు మసకబారి, కన్ను తెరచుటయే కష్టమగునని దాని లక్షణము.

దబీర్‌పురాలో మా పొరుగున మగ్గముపై జరీపని చేయు ఖాలాగారు గలరు. దీపము వెలుతురున గంటలకొలది సన్నని సూదిని చూచుచు కూర్చుందురు. ఆమెకు సాయంకాలమగుసరికి కన్నులలో ఇసుక పోసినట్లుండి, ధారగా నీరు కారును. వైద్యుడు పొడికన్నని చెప్పగా ఆమె నమ్మలేదు. “ఇంత నీరు కారుచుండగా కన్నెండినదనుట యేమి చిత్రము బేటీ?” అని నన్నడిగిరి. ఈ సందేహము పెక్కుమందికి గలదు. దీనికి సమాధానము తెలియవలెనన్న కన్నీరెట్టిదో ముందు తెలియవలెను.

కంటిని కప్పియుండు తడిపొర మిక్కిలి పలుచనిది. మిల్లీమీటరును వెయ్యి భాగములు చేసిన, అందు సుమారు మూడు భాగముల మందము. ఇంత సన్నని పొరలో మూడు ద్రవ్యములున్నవి. కంటిని అంటియుండి తడిని నిలుపు జిగురు మొదటిది. కనుబొమ యెముక క్రింద, వెలుపలి కొనవైపునున్న గ్రంథినుండి వచ్చు ఉప్పునీరు రెండవది. అన్నిటికంటె పైన తేలియాడు నూనె మూడవది. ఈ నూనెను చేయు గ్రంథులు రెప్పల అంచులలో వరుసగా నున్నవి. పైరెప్పలో సుమారు 25 మొదలు 40 వరకును, క్రిందిరెప్పలో 20 మొదలు 30 వరకును ఉండును. వీనిని 1666లో హైన్రిక్ మైబోం అను జర్మను వైద్యుడు వర్ణించెను. అందుచే వానికి మైబోమియన్ గ్రంథులని పేరు.

ఈ నూనెపొర ప్రయోజనము వంటింటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. నేయి పైన తేలిన చారు త్వరగా చల్లారదు. ఆ నేయి ఆవిరిని పైకి పోనీయదు. కంటిలోని నూనెయు నట్లే నీటిని కాపాడును. 1961లో మిషిమా, మారిస్ అను పరిశోధకులు కుందేళ్ల కన్నులనుండి నూనెపొరను తొలగించి చూడగా, నీరావిరియగుట అనేక రెట్లు పెరిగెను. మనము రెప్పపాటు వేసిన ప్రతిసారియు ఈ నూనె కొంచెముగా వెలువడి కంటినిండ పరచుకొనును.

ఇక వ్యాధి భేదములు. నీటి గ్రంథి సరిగా స్రవింపక నీరే కొరవడుట యొక విధము. స్వీడను దేశపు వైద్యుడు షోగ్రెన్ 1933లో వర్ణించిన వ్యాధి యిట్టిది. అది పురుషులకంటె స్త్రీలకు చాల హెచ్చుగా వచ్చును. కన్నులతోబాటు నోరును ఎండును. నీరు త్రాగనిదే అన్నపుముద్ద దిగదు. కీళ్ల నొప్పులును ఉండవచ్చును. నీరు చాలినంత యుండియు, నూనె గ్రంథులు మూసికొనిపోవుటచే ఆ నీరు నిలువక ఆవిరియగుట రెండవ విధము. ఇది మొదటిదానికంటె సాధారణము. పెక్కుమందిలో రెండును కలిసియుండును.

ఏ విధమైనను నష్టమొక్కటే. నీరు పోయి ఉప్పు మిగులును. ఉప్పుమడిలో నీరెండిన కొలది ఉప్పు చిక్కబడునట్లు, కంటిలో మిగిలిన తడి యుప్పనై కంటిపొరను మండించును. ఆ మంటకు నీటి గ్రంథి బెదరి ఒక్కసారిగా నీరు కుమ్మరించును. తగినంత నూనె లేని ఆ నీరు కొంత చెంపపై జారును, కొంత మరల ఆవిరియగును. ఖాలాగారి సందేహమునకు ఇదియే సమాధానము.

విటమిన్ ఏ కొరవడుటచే పసిపిల్లలకు కన్నెండుట వేరొక విధము. ముందు రేచీకటి వచ్చి, పిదప కన్నే పోవచ్చును. దీనిని నివారించుటకు ఆరునెలల కొకసారి పిల్లలకు విటమిన్ ఏ ద్రావకము పోయు పథకము 1970లో మన దేశమున మొదలయ్యెను. మన నగరమందలి జాతీయ పోషకాహార సంస్థవారి పరిశోధన దానికి ఆధారము. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గ్రుడ్డు పిల్లలకు పెట్టుట మరువరాదు.

హైదరాబాదున 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకును దాని శాఖలకును 2010 మొదలు 2018 వరకు క్రొత్తగా వచ్చిన 14 లక్షల 58 వేల పైచిలుకు రోగులలో 21,290 మందికి పొడికన్ను గలదని లెక్క తేలినది. తమ బాధను వ్యాధియని యెరుగక యింటనే యుండిపోవువారు ఈ లెక్కలోనికి రారు.

పరీక్ష కష్టమైనది కాదు. క్రిందిరెప్పలో సన్నని కాగితపు పట్టీనుంచి, అయిదు నిముషములలో అది యెంత తడిసినదో చూతురు. 1903లో షిర్మర్ అను వైద్యుడు చెప్పిన పద్ధతి యిది. అయిదు మిల్లీమీటర్లకు తక్కువైన నీరు మిక్కిలి కొరవడినదని యర్థము. రంగుమందు వేసి, రెప్పవేయక తడిపొర యెంతసేపు నిలుచునో చూచుట రెండవ పరీక్ష. పది క్షణములైనను నిలువనిచో పొర బలహీనమని తెలియును.

ఇక మనము చేయదగినవి. దమయంతి స్వయంవరమున దేవతలను రెప్పపాటు లేమిచే గుర్తించినదని భారతకథ. మనము అనిమిషులము కాము. ఊరకున్నపుడు నిముషమునకు సుమారు పదునైదు మారులు వేయు రెప్ప, సూదిపనియందును సెల్‌ఫోను చూచునపుడును చాల తగ్గిపోవును. కావున ఇరువది నిముషముల కొకసారి దూరము చూచి, రెప్పలు పూర్తిగా కలియునట్లు పదిమారులు వేయవలెను. పంకాగాలి మొగముపై నేరుగా తగులరాదు. సాంబ్రాణి పొగకు, పొయ్యి పొగకు కన్ను దూరముగా నుండవలెను.

నూనె గ్రంథులు మూసికొన్నవారికి కాపడము మేలు. పేరిన నేయి వేడికి కరగునట్లు గ్రంథిలో గట్టిపడిన నూనెయు కరగును. శుభ్రమైన గుడ్డను చర్మమోర్చు గోరువెచ్చని నీట పిండి, మూసిన రెప్పలపై పది నిముషములుంచవలెను. చల్లారినపుడెల్ల మరల ముంచవలెను. పిదప పైరెప్పను క్రిందికి, క్రిందిరెప్పను పైకి మెల్లగా నిమురవలెను. ఒకనాటితో గుణము కనబడదు. కొన్ని వారములు నియమముగ చేయవలెను.

రెప్ప అంచున దట్టముగా కాటుక పెట్టిన ఆ రంధ్రములు పూడును. సుర్మాలో సీసము గలవి యుండును గనుక పసిపిల్లలకు అసలే కూడదు. కంటిలో ఒక చుక్క మందు చాలును. అంతకు మించిన దానికి చోటులేదు, చెంపపైకే జారును. ఎరుపు తగ్గునని అంగడిలో తమంత తాము స్టెరాయిడు చుక్కలు కొని వాడుట ప్రమాదము. దానివలన కంటిలో ఒత్తిడి పెరిగి చూపునకే ముప్పు రాగలదు.

చూపు తగ్గినను, నొప్పి హెచ్చినను, వెలుతురు చూడలేకున్నను, నోరును కూడ ఎండుచున్నను ఆలస్యము చేయక నేత్రవైద్యునికి చూపుకొనవలెను. మెహిదీపట్నమునందలి సరోజినీదేవి ప్రభుత్వ నేత్రాసుపత్రి యిందులకు గలదు. ఇంటనందరి యవసరములును తీరినపిదపనే తన బాధను తలంచుట మనలో నలవాటు. జరీయల్లు చేతికి ఈ కన్నులే యాధారము గనుక, వానిని ముందు చూచుకొనుడు.