ఔషధ నిర్మాణ విద్య

మందును కనుగొనుట యొకటి. మందును చేయుట మఱియొకటి. ఈ రెండింటికి గల భేదమును విద్యావంతులు సైతము తఱచుగా గుర్తింపకున్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినినంతనే ప్రతి తెలుగువాడును గర్వించును, గర్వింపదగినదే. బోదకాలునకు వాడు డైఎథిల్‌ కార్బమజీను ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున వెలువడెను. కాని కనుగొనబడిన నాడు ఆ మందు ఒక పొడి మాత్రమే. ఆ పొడి గోదావరి తీరమందలి కూలివాని చేతికి బిళ్ళగా రావలెనన్నచో ప్రతి బిళ్ళయందును సరియైన మోతాదుండవలెను. అది వానకాలపు చెమ్మకు చెడక నిలువవలెను. మ్రింగిన పిమ్మట కడుపులో కరగవలెను. ఈ పని చేయువాని పేరు ఎవరికిని తెలియదు. అట్టివానికి మన విశ్వవిద్యాలయములు విద్య గఱపుచున్న తీరును గూర్చి నేడు కొంత విచారింపదలచితిమి.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. చరకుడు చికిత్సకు నాలుగు పాదములను చెప్పి, వానిలో నొకటియగు ద్రవ్యమునకు నాలుగు గుణములుండవలెననెను: సమృద్ధిగా దొరకుట, రోగమునకు తగియుండుట, అనేకవిధములైన కల్పనలకు లొంగుట, తన గుణములతో సంపన్నమై యుండుట. వీనిలో మూడవదానిని పాఠకులు గమనింపవలెను. ఒకే మూలికనుండి స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అను నైదు కల్పనలను శిష్యుడు గురువునొద్ద రోటి దగ్గఱను పొయ్యి దగ్గఱను కూర్చుండి నేర్చుకొనెడివాడు. కషాయమును చెప్పిన వంతునకు మరగించుట శ్లోకమును వల్లించినంతమాత్రమున రాదు. మంట యెంత యుండవలెనో కన్నును చేయియు కలసి నేర్వవలెను.

నేటి కర్మాగారమునందును న్యాయమిదియే. పరిమాణము మాత్రము మారినది. హృద్రోగులకిచ్చు డిగాక్సిను బిళ్ళను చూడుడు. అందు మందు పావు మిల్లీగ్రాము మాత్రమే. బిళ్ళ తూకము 125 మిల్లీగ్రాములనుకొన్నచో పదిలక్షల బిళ్ళలకు కావలసిన మందు 250 గ్రాములు. మొత్తము పిండి 125 కిలోలు. తక్కినదంతయు పాలచక్కెర, గంజిపిండి మున్నగు తోడు ద్రవ్యములే. పావుకిలో పొడిని అంత పిండిలో ఏ బిళ్ళయందును హెచ్చుతగ్గులు లేకుండ కలుపవలెను. తగ్గినచో రోగము కుదురదు. మించినచో ప్రాణమునకే ముప్పు. చాలినంతసేపు కలుపకున్న సమముగా చేరదు. మితిమీరి కలిపిన నొకప్పుడు చేరినదే విడిపోవును. బిళ్ళలు అచ్చుల కంటుకొనకుండ వేయు మెగ్నీషియం స్టియరేటును అతిగా కలిపినచో, అది నీటిని దరిచేరనీయక బిళ్ళ కరగుటను మందగింపజేయును. రవ్వ మఱీ ఎండిపోయినచో బిళ్ళ పైపొర టోపీవలె ఊడివచ్చును. తేమ మిగిలినచో అచ్చున కంటుకొనును.

ఇవి పుస్తకమున నాలుగు పంక్తులు. చదివి పరీక్షయందు వ్రాయుటకు గడియసేపు చాలును. కాని యంత్రము ప్రక్క నిలిచి, మొదటి వాయి చెడగొట్టుకొని, అది యేల చెడెనో తెలిసికొనినవానికే యివి విద్యయగును.

చేయుటలో లోపమున్నచో మంచి మందే మృత్యువగునని చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. 1937వ సంవత్సరమున అమెరికాలో సల్ఫనిలమైడు అను మందు బిళ్ళగను పొడిగను చక్కగా పనిచేయుచుండెను. దానిని పానకముగా చేయవలెనని కోరిక పుట్టగా, ఒక కంపెనీ రసాయనజ్ఞుడు డైఎథిలీన్‌ గ్లైకాలులో కరగించెను. రంగు చూచిరి, రుచి చూచిరి, వాసన చూచిరి. ద్రావకము విషమగునా యని మాత్రము చూడరైరి. నూఱుమందికి పైగా మరణించిరి. వారిలో పసివారును పలువురు. మందు నిర్దోషి, దానికి తోడైన ద్రవ్యము హంతకి. మఱుచటియేడు, 1938లో, అమ్మకమునకు ముందే మందు నిరపాయమని చూపవలెనని ఆ దేశమున చట్టమేర్పడెను. అంతటితో ఆ పాఠము లోకమునకు వంటబట్టెనా? లేదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశమున లభించిన నాలుగు పానకపు మందులలో ఈ జాతి విషములున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించెను. ఆ మందులు తయారైనది భారతదేశమున. గ్లిసరిను, ప్రొపిలీన్‌ గ్లైకాలు మున్నగు ద్రావకముల పీపాలను వాడుటకు ముందు ప్రతిదానిని పరీక్షించుటయే ఈ యాపదకు విరుగుడు. ఇది గొప్ప పరిశోధన కాదు. క్రమము తప్పని అలవాటు.

విషము లేకున్నను తోడు ద్రవ్యము కీడు చేయగలదు. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛరోగులకిచ్చు ఫెనిటాయిను గొట్టములలో కాల్షియం సల్ఫేటునకు బదులు పాలచక్కెర వేసిరి. మందు మారలేదు, మోతాదు మారలేదు. కాని క్రొత్త కల్పననుండి మందు దేహమున నెక్కువగా ప్రవేశించెను. రోగులకు విషలక్షణములు పొడసూపెను. రెండును హానిలేని పొడులే కదా యని తలచినవాని తెలివి ఎట్టిదో దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక యంత్రమును నమ్ముటకును ఒక నేర్పు కావలెను. 1972లో ఇంగ్లండున ప్లిమత్‌ నగరమందలి డెవన్‌పోర్టు ఆసుపత్రిలో నరములకెక్కించు చక్కెరనీటి వలన ఐదుగురు రోగులు మరణించిరి. సీసాలను ఆవిరితో శుద్ధిచేయు పాత్రలో గాలి పూర్తిగా వెడలిపోలేదు. అడుగు వరుసలోని సీసాలకు చాలినంత వేడి తగులలేదు. ఉష్ణమాపకములలో నొకటి ఆ సంగతిని చెప్పుచునే యుండెను; అది చెడిపోయినదనుకొని పనివారు మఱియొకదానిని నమ్మిరి. శుద్ధికి 121 డిగ్రీల వేడి, 15 నిమిషముల కాలము కావలెనని వారెఱుగనిది కాదు. రెండు కొలతలు రెండు విధములుగా చెప్పినప్పుడు పని నిలిపివేయవలెనను బుద్ధి వారికి అలవడలేదు. అట్టి బుద్ధి ఉపన్యాసము వలన కలుగదు.

మనదేశమున ఈ విద్యకు పునాదులు వేసినవారు ఈ సత్యమెఱిగినవారే. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయిగారు కలకత్తాలో రసాయనశాస్త్రమును బోధించుచునే 1892లో తన నివాసముననే మందుల తయారీ నారంభించిరి. 1901లో అది బెంగాల్‌ కెమికల్‌ కంపెనీగా నేర్పడెను. బోధించువాడును చేయువాడును ఒక్కడే. 1932లో మహాదేవలాల్‌ ష్రాఫ్‌గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఔషధ విద్యకు నాంది పలికిరి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1951లో ఈ శాఖను నెలకొల్పెను. మందుల నాణ్యమునకై 1940లో ఒక చట్టమును, ఔషధ విద్యకును వృత్తికిని 1948లో మఱియొక చట్టమును వచ్చినవి.

తెలుగునాట ఔషధ పరిశ్రమ పెరిగిన విధమును చూచినను ఇదియే తేలును. సోవియట్టు సహాయముతో హైదరాబాదు బాలానగరమున ప్రభుత్వము నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్‌. కర్మాగారము మందులతోపాటు మనుష్యులను కూడ తయారుచేసెను. అచ్చట పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్వంత సంస్థను స్థాపించిరి. అచ్చట పని నేర్చినవారు వేఱు కర్మాగారములను నిలిపిరి. ఆ కర్మాగారము విశ్వవిద్యాలయము కాదు. కాని విశ్వవిద్యాలయము చేయవలసిన పనిని అది చేసెను. జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ యొక్క హైదరాబాదు శాఖ 2007లో ఆ యావరణముననే ఆరంభమగుట ఉచితముగనే యున్నది.

మఱి సామాన్య కళాశాలల మాట యేమి? 2014 నిబంధనలననుసరించి 2017 నాటికి ఆచరణలోనికి వచ్చిన బి. ఫార్మసీ పాఠ్యక్రమమును పరిశీలించితిమి. పారిశ్రామిక ఔషధశాస్త్రపు మొదటి భాగమునకు ప్రయోగములు కలవు. బిళ్ళలు, గొట్టములు, సూదిమందులు, లేపనములు చేయవలెనని యందున్నది. ఇది మెచ్చదగినది. కాని చిన్న పాత్రలో చేసినదానిని పెద్ద పాత్రకు పెంచు విధమును, పరిశోధనశాలనుండి కర్మాగారమునకు మార్చు విధమును తెలుపు రెండవ భాగమును కేవలము పాఠముగ నుంచిరి. నాణ్యతను కాపాడు విధానమునకును ప్రయోగము లేదు. కర్మాగారమునగాని ఆసుపత్రియందుగాని 150 గంటల శిక్షణమును గూర్చి వ్రాయుచు, అది వాంఛనీయమని మాత్రమే సెలవిచ్చిరి. ఈత నేర్పువాడు ఏటిలో దిగుట వాంఛనీయమని చెప్పినట్లున్నది!

దీనికి కొందఱు సమాధానము చెప్పుదురు. యంత్రములు మిక్కిలి వెలగలవి, ప్రతి కళాశాలయు కొనజాలదందురు. నిజమే. అందుచేతనే ప్రతి విశ్వవిద్యాలయము తన క్రింది కళాశాలలన్నింటికిని ఉమ్మడిగా ఒక శిక్షణ కర్మశాలను నెలకొల్పవలెనని మేము కోరుచున్నాము. వంతులవారీగా విద్యార్థులందు వచ్చి పనిచేయవచ్చును. వ్యవసాయ కళాశాలకు పొలమున్నది. వైద్య కళాశాలకు ఆసుపత్రియున్నది. ఔషధ విద్యకు కర్మశాల యుండవలెననుట అత్యాశ యెట్లగును? పట్టభద్రులలో చాలమంది దుకాణములకును, కంపెనీల అమ్మకపు పనులకును పోవుదురు గదా, వారికిదంతయు ఏలయని మఱికొందఱందురు. మందు ఎట్లు చేయబడునో ఎఱుగనివాడు అది ఎట్లు చెడునో ఎఱుగడు. ఎండలో పెట్టిన పెట్టెను, రంగు మారిన బిళ్ళను, అడుగున పేరుకొనిన పానకమును చూచి అనుమానింపవలసినవాడు అతడే.

పరిశ్రమాధిపతుల సంకోచము వేఱు. విద్యార్థులు లోనికి వచ్చిన శుభ్రతకు భంగము, రహస్యమునకు హాని యని వారి భయము. ఐనను తమ వద్ద చేరిన పట్టభద్రునికి మొదటినుండి మరల పని నేర్పవలసి వచ్చుచున్నదని మొఱపెట్టువారును వారే. శిక్షణభారమును ముందుగా కొంత వహింపనివారికి ఆ మొఱ పెట్టుకొను హక్కు లేదు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, 150 గంటల శిక్షణము నిర్బంధము కావలెను. విద్యార్థి నిజముగా చేసిన పనిని కర్మాగారమువారు ధ్రువీకరింపవలెను. రెండవది, ప్రతి విద్యార్థియు పట్టము పొందకముందు ఒక మందునైనను పొడినుండి పొట్లము వఱకు చేసి, తూచినది, కలిపినది, ఎండబెట్టినది గడియగడియకును తన చేతితో నమోదు చేయవలెను. మూడవది, పరీక్షయందు చెడిన బిళ్ళల వాయినొకదానిని ముందుంచి కారణమడుగవలెను. ఇరువది బిళ్ళలను తూచి వానిలో ఎన్ని హద్దు దాటినవో నిర్ణయింపుమనవలెను. నాలుగవది, ఈ విషయమును బోధించు ఉపాధ్యాయుడు కొంతకాలమైన కర్మాగారమున పనిచేసినవాడై యుండవలెను. తాను చేయనిదానిని నేర్పువాడు అక్షరములనే నేర్పగలడు.

ఇందు ప్రజల కర్తవ్యమును కలదు. భూవసతి గలవారును, వర్తకులును కళాశాలలు స్థాపించుచున్నారు, భవనములకు విరాళములిచ్చుచున్నారు, పిల్లల చదువులకై పొలములమ్ముచున్నారు. వారు గోడల యెత్తును, ఫలితముల శాతమును అడుగుటకు ముందు, ఇచ్చట విద్యార్థి తన చేతితో ఏ మందు చేయునని అడుగవలెను. ఆ ప్రశ్నకు సరియైన ఉత్తరము లేనిచోట పిల్లవానిని చేర్పింపరాదు, విరాళమును ఈయరాదు.

తినుబండారము చెడినచో నాలుక చెప్పును. బట్ట చెడినచో కన్ను చెప్పును. మందు చెడినచో చెప్పునది రోగి ప్రాణము మాత్రమే. మందుబిళ్ళను నోట వేసికొనువాడు ఎన్నడును చూడని ఒకానొకని నమ్ముచున్నాడు. ఆ నమ్మకమునకు అర్హుని తయారుచేయుట విశ్వవిద్యాలయముల విధి. ఆ విధి పట్టమును చేతికిచ్చుటతో తీరునది కాదు. పనిని చేతికిచ్చినప్పుడే తీరును.