లంకలో మనవారు చూచి వచ్చిన దేమి?

ఈ నడుమ మన పట్టణములలో కొంచెము కలిగిన కుటుంబములవారికి లంకాయాత్ర యొక యలవాటైనది. సెలవు లిచ్చుటయే తడవుగా టిక్కెట్లు కొందురు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు. కొలంబో, కాండీ, నువర ఎలియ, ఎల్ల, మరల కొలంబో. తిరిగి వచ్చినవారిని ఎట్లున్నదని యడిగిన, "ప్రకృతి యంతయు నక్కడనే కుప్పపోసినట్లున్నదండీ" యని యందురు. పిమ్మట ఫోను మన చేతికిచ్చి బొమ్మలు చూపుదురు. కొండవాలుల మీద దువ్వి తీర్చినట్లున్న పచ్చని పొదల వరుసలు. వాని నడుమ ఎఱ్ఱ రవిక తొడిగి, తలమీదుగా తాడు వేసికొని, వీపున బుట్ట మోయుచు నవ్వుచున్న యొక స్త్రీ. ఏ యింటికి పోయినను ఈ బొమ్మ తప్పదు.

మేమును రెండేండ్ల క్రిందట ఆ దారినే పోయి, ఆ బొమ్మనే మెచ్చి వచ్చినవారము. కావున నిప్పుడు వ్రాయబోవునది యితరులను దెప్పుటకు మాత్రమే యని చదువరులు తలపకుందురుగాక. అయినను చెప్పక తప్పనిది చెప్పెదము. మనవారు ప్రకృతి యని చూపుచున్న యా బొమ్మలో ప్రకృతి పాలు మిక్కిలి స్వల్పము. వానయు, మంచును, కొండ వంపును దానివి. తక్కినదంతయు గొడ్డలి పని, కత్తి పని, కూలి పని.

ఆ కొండల పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది. 1815 వఱకు ఆ మలనాడు కాండీ రాజుల యేలుబడిలో నుండెను. వారిలో కడపటివాడు శ్రీవిక్రమరాజసింహుడు నాయక వంశమువాడు; ఆంగ్లేయులు పట్టుకొని వేలూరికి పంపివేయగా 1832లో నక్కడనే కన్నుమూసెను. ముందు రాజ్యము పోయినది, వెనుక అడవి పోయినది. 1840లో నొక శాసనము పుట్టెను. అడవి గాని, బీడు గాని, సాగులేని నేల గాని, ఎవరైనను తమదని ఋజువు చేయునంత వఱకు దొరతనమువారి సొత్తే యని దాని తాత్పర్యము. తాతలనాటి నుండి పశువులు మేపుకొన్న నేలకు, పోడు కొట్టుకొన్న నేలకు కొండపల్లె రైతు దస్తావేజు లెక్కడినుండి తెచ్చును? ఆ నేలలు కాఫీతోటల దొరల పాలయ్యెను. గొడ్డలిచేతను నిప్పుచేతను నొకటి రెండు తరములలోనే కొండలు బోడులయ్యెను. 1869లో కాఫీ యాకులకు తుప్పు తెగులు సోకెను. తరువాతి యిరువదేండ్లలో ఆ పంట యడుగంటెను. అంతకు రెండేండ్ల ముందే, 1867లో, జేమ్సు టెయిలరను స్కాట్లండు దేశీయుడు లూలెకొండెర తోటలో 19 ఎకరముల నేలలో తేయాకు నాటియుండెను. కాఫీ చచ్చిన కొండలనెల్ల తేయాకు క్రమముగా నెక్కెను.

ఇంకొక సంగతి మనవారు పెక్కుర కెఱుక లేదు. తేయాకు స్వభావముచేత పొద కాదు. దాని మానాన దానిని విడిచిన చెట్టుగా నెదుగును. దానిని నడుమెత్తున నిలిపి, కొండ కంతకు పచ్చని కంబళి కప్పినట్లు చేయునది మాటిమాటికి తగులు కత్తి. తోటల నడుమ నీడకై నిలిపిన సిల్వరు ఓకు చెట్లు ఆస్ట్రేలియా నుండి తెచ్చినవి. నువర ఎలియలో మనవారు పడవ లెక్కి తిరుగు చెఱువు 1873లో గ్రెగరీ యను గవర్నరు కట్టించినది. ఇట్లు మొక్క పరదేశము, నీడ పరదేశము, నీరు గవర్నరుగారిది. దీనినంతయు చూచి వచ్చి, సృష్టి యారంభమున బ్రహ్మదేవు డెట్లు చేసెనో అట్లే యున్నదని మురియుచున్నాము!

అడవి పోయిన కథ యిది. మనుష్యుల కథ దీనికంటె కఠినము. కాండీ సీమ రైతులు ఆ తోటలలో కూలికి పోవుట కంతగా నొడబడలేదు. అందుచేత చెన్నపురి రాజధానిలోని తమిళ జిల్లాలనుండి, కఱవున మాడినవారిని, అప్పులలో మునిగినవారిని కంగాణీలు కూడగట్టి తోలుకొనిపోయిరి. పడవ దాటి మన్నారు తీరమున దిగి, అక్కడినుండి నడిమి యడవులలో కాలినడకను మాతలె వఱకు పోవలసియుండెను. కలరాకును, చలిజ్వరమునకును ఆ దారిలో రాలినవారికి లెక్కలేదు. కాఫీ కోతకాలపు పని గనుక కోత కాగానే కొందఱు తిరిగి వచ్చెడివారు. తేయాకు ఏడాది పొడుగునను కోయవలెను. కాబట్టి ఆలుబిడ్డలతో నక్కడనే నిలిచిపోయిరి. వారికి కట్టిన వరుసయిండ్లను లయము లందురు. ఒక్కొక్క కుటుంబమున కొక్కొక్క గది, ముందొక చిన్న వసారా. అట్టి వరుసలు నేటికిని నిలిచియున్నవి. 2014 అక్టోబరు 29వ తేదీని మీరియబెద్ద తోటలో కొండ విఱిగి లయములపై పడి మనుష్యులతోకూడ వానిని పూడ్చివైచినది. చెట్ల వేళ్లు పట్టి నిలుపని కొండ వాన కాగునా?

లంక స్వతంత్రమైన 1948లోనే పౌరసత్వ శాసనము చేసి, ఈ కూలిజనములో ఇంచుమించు ఏడు లక్షలమందిని ఏ దేశమునకును చెందనివారినిగా చేసిరి. 1964లో శాస్త్రిగారును సిరిమావో బండారనాయకమ్మగారును ఒడంబడికపై చేవ్రాలు చేసిరి: 5,25,000 మంది మనకు, 3,00,000 మంది వారికి, మిగిలిన లక్షా యేబదివేల మందిని 1974లో చెఱిసగము పంచుకొనిరి. అన్నదమ్ములు గొడ్డుగోదను పంచుకొనునప్పు డింతకంటె నెక్కువ ఆలోచింతురు. అక్కడనే పుట్టి, ఈ దేశము మొగ మెన్నడు నెఱుగనివారు రామేశ్వరము రేవున దిగిరి. అందు కొందఱికై నీలగిరులలో మరల తేయాకు తోటలే నాటించిరి. లంకలో మిగిలిపోయినవారికి పౌరసత్వపు చిక్కు తీర్చు శాసనము 2003లో గాని రాలేదు.

ఇక మేము కన్నులార చూచినది చెప్పెదము. మాతో వచ్చిన మిత్రు డొకడు న్యాయవాది, మంచివాడు, స్త్రీవిద్యకై ఉపన్యాసము లిచ్చినవాడు. తోట ప్రక్కన బండి నిలిపించి, ఆకు కోయుచున్న యొకామెను పిలిచి, రెండు మెట్లు దిగు మనెను, బుట్ట కొంచె మెత్తు మనెను, నవ్వు మనెను. మూడు మాఱులు నవ్వించెను. నూఱు రూపాయల నోటు చేతిలో పెట్టెను. ఆ సమయమున మేమేమి చేయుచుంటిమన, ఆ పచ్చదనము మీద మనసులో నొక సీసపద్యము కట్టుచు ఎత్తుగీతికై తడవుకొనుచుంటిమి. ఆమె నోటు కొంగున ముడివైచుకొని ఎండవైపు చూచి, పరుగు పరుగున వరుసలోనికి పోయెను. ఏల యంత తొందర యని మాకు వచ్చిన కొలది తమిళముతో నడుగగా, వెనుదిరుగకయే చెప్పెను: సాయంకాలము తూకమునకు 18 కిలోలు చూపవలెనట, తగ్గినచో దినకూలిలో సగము పోవునట. మా మిత్రుని నవ్వులకు పట్టిన కాలమున ఎంత యాకు తప్పిపోయెనో ఆమెకే తెలియవలెను. మా పద్యము అక్కడనే ఆగిపోయినది.

మనవారి యాత్రాపట్టికలలో సీతా ఎలియ తప్పక యుండును. అక్కడ సీతమ్మ గుడి యున్నది; టెంకాయ కొట్టి, కన్నులు తుడిచికొని వచ్చుచున్నారు. రామాయణమునకును ఆ తావునకును గల సంబంధము మేమిప్పుడు తర్కింపబోము. కాని సుందరకాండము పారాయణము చేయువారిని ఒక్క మాట యడుగ వలయును. హనుమంతుడు లంకలో సౌందర్యము చూడలేదా? పుష్పకము చూచెను, రావణుని మేడలు చూచెను, అశోకవనమున పూచిన చెట్లనెల్ల చూచెను. వాల్మీకి వానిని సర్గలకొలది వర్ణించెను. అయినను ఆ వానరుని కన్ను తోట కడ ఆగలేదు. శింశుపావృక్షము క్రింద మాసిన చీరతో కూర్చున్న స్త్రీని వెదకి పట్టుకొన్నది. మనవారు తేయాకు తోటలు దాటియే ఆ గుడికి పోవుదురు. దారిలో తోటను మాత్రము చూతురు. స్త్రీ కనబడినచో ఆమెను తోటకు నగగా పెట్టి ఫోటో తీయుదురు. పారాయణము ఎన్నియేండ్లు చేసిననేమి!

అయితే లంకలో నిజమైన ప్రకృతి లేదా యందురేమో. ఉన్నది, దానియొద్ద మనవారు నిలువరు. 1873లో హూకరను వృక్షశాస్త్రవేత్త అయిదువేల యడుగుల యెత్తునకు మీదనున్న యడవిని ముట్టవలదని దొరతనమువారికి చెప్పెను. ఆ మాట విన్నందుననే హార్టను మైదానము మిగిలినది. ఏడువేల యడుగుల యెత్తున గడ్డినేలలు, నాచు పట్టి వంకరలు తిరిగిన పొట్టి చెట్లు, కడుజులు. మహావేలి, కెలనీ, వలవే నదులకు నీరందించు తావది. 1988లో దానిని జాతీయవన మనిరి. మనవారు తెల్లవాఱకముందే పోయి, లోకాంత మను కొండకొమ్మున నిలిచి, బొమ్మ తీసికొని, మంచు క్రమ్మగానే 'ఏమియు కనబడుట లేదు' అని విసుగుకొని దిగుదురు. ద్వారమున సంచులు విప్పి ప్లాస్టికు కాగితములు తీసివేసిన కావలివానితో మాలో నొకరు తగవులాడిరి కూడను.

ఇక నైరృతి దిక్కున సింహరాజ మను వానయడవి, సుమారు 11,000 హెక్టారులు, ఉన్నది. అందలి వృక్షజాతులలో నూటికి అఱువదికి పైగా ఆ ద్వీపమున తప్ప లోకమున వేఱెక్కడను పుట్టనివి. 1972లో ప్లైవుడ్డు మిల్లునకై యంత్రములు తెచ్చి దానిని నఱుక మొదలిడిరి. ప్రజలు గోలపెట్టగా 1977లో నాపిరి. ఆ గోలయే లేకున్న 1988లో యునెస్కోవారు ప్రపంచవారసత్వమని చెప్పుటకు అక్కడ మొద్దులు మిగిలియుండెడివి. మా యాత్రాపట్టికలో దాని పేరే లేదు. ఏల యని బండి నడుపువానిని అడిగితిమి. మీవైపువారు రారండీ, జలగ లుండును, చీకటిగా నుండును, ఫోటో బాగుండదు అనెను. ఆతడు పరిహాసమునకు చెప్పలేదు. మనకు కావలసినది నఱికి దువ్విన ప్రకృతియే. నఱకనిది మన పాదమున జలగ పట్టించును గనుక దానిని చూడము.

ఈ సంగతులు మే మొక సభలో చెప్పినప్పుడు, "ఏడాదియంతయు కచేరీలో నలిగినవాడు నాలుగు దినములు సంతోషింప పోయిన, అక్కడను కూలిరేట్లు లెక్కించుమందురా?" అని యొకరు మండిపడిరి. సంతోషమునకు మేము పగవారము కాము. కుమారసంభవము మొదటి సర్గమున హిమవంతుని వర్ణించునప్పుడు కాళిదాసు కిరాతులను మఱవలేదు. దానిచేత హిమాలయము చిన్నపోలేదు. మనుష్యుని కష్టము కనబడినంతమాత్రమున చెడిపోవు సౌందర్యమైనచో, దాని నంత ధనము పోసి చూడవలసిన పనియు లేదు.

మఱియొకరు, 2022లో ఆ దేశము దివాలా తీసి ఇంధనమునకును మందులకును దేవులాడినది గదా, యాత్రికుల సొమ్ము వారికి కూడు గాదా యనిరి. ఇది తీసివేయదగిన మాట కాదు. పోవలదని మేము చెప్పుట లేదు, పోవలయుననియే చెప్పుచున్నాము. తేయాకు పీకివేయుమనియు చెప్పుట లేదు. మే మీ వ్యాసము వ్రాయునప్పుడు ప్రక్కన నున్న గిన్నెలో నేమున్నదో దాచ నేల? కాని పోయినవారు ఆ అయిదు పగళ్లలో నొకటి సింహరాజమున కియ్యవచ్చును. కోత వేళ కూలిని పిలిచి నవ్వించుట మానవచ్చును. ఇంటికి వచ్చి పిల్లలకు బొమ్మలు చూపునప్పుడు, ఇది దేవుడు చేసినది, ఇది కంగాణి చేయించినది అని వేఱుచేసి చెప్పవచ్చును. మా తరగతిలో నొక బాలుడు ప్రకృతి సౌందర్యమను వ్యాసమున ఆ తోటలనే వర్ణింపగా పదింటికి తొమ్మిది మార్కు లిచ్చితిమి. ఆ తప్పు మాది.

అన్నిటికంటె మాకు సిగ్గు కలిగించినది వేఱొకటి. దారి ప్రక్కన పాములాడించువా రిద్దఱు కనబడిరి. సింహళులు వారిని అహికుంటకు లందురు. మన ఆహితుండిక శబ్దమునకు చుట్టమువలె వినబడుచున్నది. మనవారు బండి కిటికీనుండియే బొమ్మ తీసి నాణెములు విసరిరి. ఆ యిద్దఱును తమలో తాము మాటలాడుకొనుచుండగా మాకు చెవులు నిక్కినవి. యాస వేఱు, పలుకుబడి వేఱు, కాని తెలుగు. ఎన్ని తరముల క్రిందటనో సముద్రము దాటిన మన భాష ఆ ద్వీపమున సంచారజాతి నోట నిలిచియున్నది. బండి దిగి పలుకరింతమనిన, వేళ మించుచున్నదని తక్కినవా రొప్పుకొనలేదు. మేమును గట్టిగా పట్టుబట్టలేదు.

మా మిత్రుడు ఆ తేయాకు బొమ్మను పెద్దదిగా చేయించి, చట్రము కట్టించి, ముందుగదిలో వ్రేలాడగట్టినాడు. క్రింద 'లంకలో ప్రకృతి శోభ' అని వ్రాయించినాడు. ఆ మాట తీయించుమని మేము చెప్పితిమి. మఱి యేమని వ్రాయింపవలె నని యడిగెను. ఆమె పేరు వ్రాయింపుమంటిమి. అతనికి కోపము వచ్చి రెండు నెలలనుండి మా యింటికి వచ్చుట లేదు. పేరు మాత్రము నాడు అతడును అడుగలేదు, మేమును అడుగలేదు.