బడిలో పేరు, చేలో పని

హైస్కూలు హాజరు పట్టీలో పేరుండి, ఏడాదిలో కొన్ని నెలలు కూలికి వెళ్లే పిల్లలు శ్రామిక గణాంకాల్లో సరిగా కనిపించరు. 2017లో మొదలైన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రధానంగా ప్రకటించే రేటు 15 ఏళ్లు నిండినవారిది. తొమ్మిదో తరగతిలో చాలామందికి అప్పటికి 14 ఏళ్లే. 15 దాటినవారికైనా, ఏడాదిలో ఎక్కువ కాలం ఎక్కడ గడిచిందో చూసి ముఖ్య స్థితిని నిర్ణయిస్తారు కాబట్టి వాళ్లు విద్యార్థులుగానే నమోదవుతారు. 30 రోజులకు తగ్గకుండా పనిచేస్తే అనుబంధ స్థితి కింద లెక్కకు రావాలి. కానీ ఆ సంగతి చెప్పాల్సింది ఇంటి పెద్దలు. బడి మాన్పించి పనికి పంపామని సర్వే సిబ్బంది ముందు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

చట్టంలోనూ ఇదే వయసు దగ్గర ఖాళీ ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే, ఎనిమిదో తరగతి వరకే హామీ ఇస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించి, బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయపడటాన్ని మినహాయించింది. 14 నుంచి 18 మధ్య వారికి గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలు వంటివే నిషిద్ధం. పొలం పనుల్లో చాలా వరకు ఆ జాబితా బయటే ఉన్నాయి. అంటే చదువు హక్కు ఆగిపోయే వయసులోనే కూలికి తలుపు తెరుచుకుంటోంది.

గద్వాల, కర్నూలు ప్రాంతాల సీడు పత్తి చేలల్లో దీని ఫలితం కనిపిస్తుంది. అక్కడ విత్తనం కోసం ‘క్రాసింగ్’ చేతితోనే చేయాలి. మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గను ముందురోజే పట్టుకుని, రేకులూ కేసరాలూ గోటితో గిల్లేసి గుర్తు పెడతారు. తెల్లవారాక మగ పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని ఆ కీలాగ్రానికి అద్దుతారు. పూత ఉన్నన్నాళ్లూ, వారాల తరబడి, ఒక్క రోజు కూడా ఆగడానికి వీల్లేదు. ఆగితే ఆ రోజు పూత పోయినట్టే. అది వానాకాలం, బడులు జోరుగా నడిచే కాలం. చురుకైన సన్నని వేళ్లు కావాలంటూ పిల్లలను పిలుస్తారు గానీ అసలు కారణం తక్కువ కూలి, ముందే ఇచ్చిన అడ్వాన్సు. మిరప కోతలు మరో తీరు: జనవరి నుంచి మార్చి దాకా కుటుంబాలు వలస పోతాయి, పదో తరగతి పరీక్షలు దాదాపు ఆ సమయంలోనే వస్తాయి.

పని చేయడమే తప్పన్నది ఈ వాదన కాదు. వేసవి సెలవుల్లో నాలుగు డబ్బులు సంపాదించుకునే పదిహేనేళ్ల పిల్లవాడికి కలిగే నష్టం తక్కువ. బడి రోజును మింగే పనే చదువును తెంపుతుంది. అమెరికాలో 1938 నాటి చట్టం కింద వ్యవసాయేతర పనుల్లో 14, 15 ఏళ్ల వారు బడి ఉన్న రోజు 3 గంటలకు, బడి నడిచే వారంలో 18 గంటలకు మించి పనిచేయకూడదు. పొలాలకు ఈ గంటల పరిమితి లేకున్నా, తల్లిదండ్రుల సొంత సాగును మినహాయిస్తే, 16 లోపు వారిని బడి వేళల్లో పనిలో పెట్టరాదు. గీత వయసు దగ్గరే ఆగక, బడి గంట దాకా వెళ్లింది.

తెలుగు రాష్ట్రాలకు కావాల్సింది అదే గీత. విద్యాహక్కును కనీసం పదో తరగతి దాకా పొడిగించాలి. సర్వే 14 ఏళ్ల వారిని వేరుగా లెక్కించి, పని చేసిన నెలను కూడా అడగాలి. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లు కుటుంబం బయల్దేరిపోయాక కాక, కోతల కబురు ఊరు చేరకముందే తెరుచుకోవాలి, తొమ్మిది, పది తరగతుల వారికీ అందులో చోటుండాలి.