దారి చూపే యంత్రాన్ని నేర్పే బాధ్యత ఎవరిది?

తపాలా బట్వాడాలో ఉపగ్రహ సంకేతాల ఆధారంగా దారి చూపే పరికరాల వాడకం పెరుగుతున్నది. మోటారు సైకిలు మీద పార్సెళ్ళు, స్పీడ్ పోస్టు ఉత్తరాలు చేరవేసే మన సోదర ఉద్యోగి వద్ద నేడు సంచితో పాటు ఒక తెర కూడా ఉన్నది. ఆ తెర చూపిన దారిన పోయి, త్వరగా పని ముగించుకొని రమ్మంటున్నారు. దానిని వాడే విధానం ఎవరు నేర్పారు, ఏ పనిగంటలలో నేర్పారు అని అడిగితే మాత్రం సరైన సమాధానం రాదు. "ఇంట్లో కుర్రవాళ్ళను అడిగి తెలుసుకోండి" అనే ఉచిత సలహా దొరుకుతున్నది. ఈ సలహాను మేము తిరస్కరిస్తున్నాము.

మేము యంత్రానికి వ్యతిరేకులం కాము. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ అమలులోకి వచ్చినప్పుడు ఆ ఆరంకెలను దేశానికి అలవాటు చేసినవారు సార్టర్లు, పోస్టుమన్లే. ఆవిరి ఇంజను పోయి డీజిలు, విద్యుత్ ఇంజనులు వచ్చినప్పుడు వాటిని నడిపినవారు రైల్వే కార్మికులే. కొత్త పనిముట్టును చూసి శ్రామికవర్గం భయపడదు. ఆ పనిముట్టును నేర్చుకొనే ఖర్చును, కాలాన్ని, ప్రమాదాన్ని తన నెత్తిన రుద్దితే మాత్రం ఊరుకోదు.

ఈ పరికరం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలి. అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నవి. వాటి సంకేతాలు మన వద్దకు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి పరికరం దూరాలను లెక్కగట్టుకుంటుంది. స్థానం నిర్ణయించడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. నాలుగవది పరికరంలోని గడియారపు తప్పును సరిదిద్దుకోవడానికి. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే సంకేతాన్ని ఉద్దేశపూర్వకంగా మసకబార్చి ఇచ్చేది. ఇటువంటి వ్యవస్థలో మన దేశం పరాధీనంగా ఉండరాదనే మన శాస్త్రజ్ఞులు, సాంకేతిక కార్మికులు 2013 జూలై 1 నుంచి 2016 ఏప్రిల్ వరకు శ్రీహరికోట నుండి ఏడు ఉపగ్రహాలను ప్రయోగించి నావిక్ వ్యవస్థకు పునాది వేశారు. ఇది మనం గర్వించదగిన విషయం.

కాని ఉపగ్రహాల వలన తెలిసేది పరికరం భూమి మీద ఎక్కడ ఉన్నదన్నది మాత్రమే. ముందున్న కల్వర్టు నిన్నటి వానకు కొట్టుకుపోయిందా, ఆ సందులో మోటారు సైకిలు తిరుగుతుందా అన్నది ఉపగ్రహానికి తెలియదు. అది పటం చెప్పవలసిన సంగతి. పటాన్ని మనుషులు తయారు చేస్తారు; అది పాతబడుతుంది, పొరబడుతుంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో, వరదకు తెగిపోయిన వంతెన మీదుగా వెళ్ళిన కారు రామగంగా నదిలో పడి ముగ్గురు మరణించారు. వారు దారిచూపే పటాన్ని అనుసరించి వెళ్ళారని వార్తలు వచ్చినవి. ఆ వంతెన దగ్గర అడ్డుకట్ట లేకపోవడం మరొక నేరం. యంత్రాన్ని ఎప్పుడు నమ్మాలో నేర్పినంత శ్రద్ధగా, ఎప్పుడు నమ్మరాదో కూడా నేర్పాలి.

2025 మే 27న తపాలా శాఖ డిజిపిన్‌ను విడుదల చేసింది. హైదరాబాదు ఐ.ఐ.టి., జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాల సహకారంతో రూపొందిన ఈ విధానంలో దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విభజించి, ఒక్కొక్క చదరానికి పది అక్షరాంకెల సంకేతం ఇచ్చారు. మంచి పని. అయితే ఆ చదరంలో ఐదంతస్తుల భవనం ఉంటే ఐదింటికీ సంకేతం ఒక్కటే. మనియార్డరు అందుకోవలసిన వృద్ధురాలు కూతురింటికి వెళ్ళిందని, ఒకే పేరు గలవారు ఆ వీధిలో ముగ్గురున్నారని, రామాలయం వెనుక ఇల్లంటే పాత రామాలయమే గాని కొత్తది కాదని ఆ సంకేతం చెప్పదు. అది తన బీటులో ఏళ్ళ తరబడి తిరిగిన పోస్టుమన్ చెప్పాలి. కనుక పరికరం వచ్చినది కాబట్టి మనిషి అనుభవం అనవసరమైనదనీ, ఒక బీటులో మరొక బీటు కలిపేయవచ్చుననీ వాదించేవారు బట్వాడా అంటే ఏమిటో ఎరగనివారు.

ఇక మోటారు సైకిలు సంగతి. కుర్చీలో కూర్చొని తెరను చూడడం వేరు, బండి నడుపుతూ చూడడం వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. మూడు సెకన్లు తెర వైపు చూస్తే 33 మీటర్ల దూరం కళ్ళు మూసుకొని నడిపినట్లే. కేంద్ర మోటారు వాహన నిబంధనలకు 2020లో చేసిన సవరణ ప్రకారం, బండి నడుపుతూ చేతి పరికరాన్ని దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదియును ఏకాగ్రత చెదరని రీతిలోనే ఉపయోగించవచ్చు. మరి హాండిలుకు బిగించే పట్టీ ఇవ్వకుండా, ఒక చేత్తో పరికరం, మరొక చేత్తో బండి పట్టుకొనే పరిస్థితి కల్పించి, రేపు ప్రమాదం జరిగితే "నిబంధన అతిక్రమించాడు" అని ఆ ఉద్యోగి మీదనే కేసు పెట్టడం ఏమి న్యాయం?

సొంత టెలిఫోనునే వాడమనడం మరొక అన్యాయం. మోటారు సైకిలు ఇంజను అదురుకు టెలిఫోనులోని కెమెరా దెబ్బతినవచ్చునని 2021లో ఆపిల్ కంపెనీయే తన ఖాతాదారులను హెచ్చరించింది. ఎండకు వేడెక్కడం, వానకు తెర పనిచేయకపోవడం, మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోవడం అందరికీ అనుభవమే. ఈ నష్టమంతా ఎవరి ఖాతాలో వేయాలి? 2017లో పోస్టుమన్లకు, రైల్వే ట్రాక్‌మన్లకు సైకిలు భత్యాన్ని నెలకు 90 రూపాయల నుంచి 180 రూపాయలకు పెంచారు. పెట్రోలుతో నడిచే బండికి, ఆకాశంతో మాట్లాడే పరికరానికి సైకిలు కాలపు లెక్క సరిపోదు.

రైల్వే సోదరులకు మేము గుర్తుచేయవలసిన పని లేదు. కొత్త సెక్షనులో బండి నడపబోయే ముందు లోకో పైలట్‌కు రోడ్ లెర్నింగ్ ట్రిప్పులు ఇస్తారు. సిగ్నళ్ళు, వంపులు, ఎత్తుపల్లాలు, గేట్లు అన్నీ అతడు పగలూ రాత్రీ కళ్ళారా చూచి, నేర్చుకున్నానని సంతకం చేసిన తరువాతనే బండి అప్పగిస్తారు. ఆ కాలమంతా డ్యూటీయే. చాలాకాలం ఆ సెక్షనుకు దూరమైతే మళ్ళీ నేర్చుకోవాలి. ఉత్తర భారతంలో పొగమంచు కాలంలో వాడే ఫాగ్ పాస్ పరికరం కూడా జి.పి.ఎస్. ఆధారంగానే రాబోయే సిగ్నలు పేరు, దూరం చెబుతుంది. అది వచ్చినంత మాత్రాన రోడ్ లెర్నింగ్ రద్దు కాలేదు, సిగ్నలును చూడవలసిన బాధ్యతా తొలగలేదు. దారి నేర్చుకోవడం కూడా పనియేనని రైల్వేలు ఏనాడో ఒప్పుకున్నవి. పట్టాల మీద ఒప్పుకున్న సూత్రం తారురోడ్డు మీద చెల్లదా?

"ప్రైవేటు కంపెనీల బట్వాడా కుర్రవాళ్ళు ఏ శిక్షణా లేకుండానే తిరగడం లేదా?" అని కొందరు అధికారులు వాదిస్తున్నారు. ఆ కుర్రవాళ్ళు కూడా మన వర్గం వారే. వారికి ఉద్యోగ భద్రత లేదు, స్థిరమైన జీతం లేదు, ప్రమాదం జరిగితే అడిగే నాథుడు లేడు. వారి దుస్థితిని మనకు ప్రమాణంగా చూపడం సిగ్గుచేటు. మన హక్కులను వారి వరకు విస్తరింపజేయడమే మన కర్తవ్యం.

మరొక మాట. ఈ పరికరం దారి చూపడంతో ఆగదు. మనిషి ఎక్కడ ఎంతసేపు ఆగాడో నమోదు చేయగలదు. పట్టాల మీద నడిచే కీమన్ల వద్ద, పెట్రోల్‌మన్ల వద్ద కూడా ఇటువంటి ట్రాకర్లున్నవి. ప్రమాదంలో ఉన్నవాడిని కాపాడడానికి ఆ సమాచారం వాడితే స్వాగతిస్తాము. చెట్టు నీడన పది నిమిషాలు ఆగినందుకు సంజాయిషీ అడగడానికి వాడితే ప్రతిఘటిస్తాము. ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి మళ్ళి, చుక్క పక్క వీధిలో కనబడడం సాధారణం. అటువంటి చుక్కను సాక్ష్యంగా పెట్టి ఒక కార్మికుని శిక్షించడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు.

కనుక మా కోర్కెలు స్పష్టమైనవి. పరికరాన్ని, హాండిలు పట్టీని, ఛార్జింగు సౌకర్యాన్ని యాజమాన్యమే ఇవ్వాలి. శిక్షణ పనిగంటలలోనే జరగాలి. నాలుగైదు గంటల లెక్కన భత్యం పొందే గ్రామీణ డాక్ సేవకులకు అదనపు సమయానికి అదనంగా చెల్లించాలి. శిక్షణ మాతృభాషలో, బల్ల దగ్గర కాక బండి మీద, అనుభవజ్ఞుడైన తోటి ఉద్యోగి వెంట ఉండగా సాగాలి. బయలుదేరే ముందే గమ్యాలు నమోదు చేసుకోవడం, పటాన్ని ముందుగా దించుకోవడం, మార్పు అవసరమైతే బండి ఆపి చేసుకోవడం, పటంలోని తప్పులను సరిచేయించడం అందులో పాఠాలు కావాలి. శిక్షణ పూర్తయ్యేదాకా ఆలస్యానికి ఎవరినీ బాధ్యులను చేయరాదు. స్థాన సమాచారాన్ని క్రమశిక్షణ చర్యలకు వాడబోమని లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి.

ప్రతి శాఖా సంఘం వెంటనే సర్వసభ్య సమావేశం జరిపి ఈ కోర్కెలను తీర్మానంగా ఆమోదించి డివిజనల్ అధికారులకు అందజేయాలి. ఎవరెవరు సొంత టెలిఫోను వాడుతున్నారో, ఎవరికి ఎన్ని గంటల శిక్షణ లభించిందో జాబితా తయారుచేసి కేంద్ర కార్యాలయానికి పంపాలి. వివరాలు చేతిలో ఉంటేనే చర్చల బల్ల దగ్గర మన మాటకు బలం.